భారతం మిట్ట మీద కాలయంత్రం

వైజ్ఞానిక కల్పన తెలుగు సినిమాలోకి ఆలస్యంగా వచ్చిందనీ, అది పట్నాల్లో చదువుకున్నవారి ముచ్చటే తప్ప పల్లెపట్టుల్లో దానికి పాదు లేదనీ ఒక అభిప్రాయం చాలాకాలంగా చలామణిలో ఉంది. శాస్త్రం ఇంకా సాధించని దాన్ని సాధించినట్టు ఊహించుకుని, ఆ ఊహ చుట్టూ కట్టిన కథను వైజ్ఞానిక కల్పన అంటారు. ఈ నిర్వచనం పట్టుకుని చూస్తే పై అభిప్రాయంలో మొదటి సగం నిజమే అనిపిస్తుంది గాని, రెండో సగం మాత్రం పాత చిత్తూరు జిల్లా పడమటి అంచున ఉన్న మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల ముందు నిలవదు. ఒకే కథాలోకాన్ని భాగాలుగా పంచుకుని ఏటేటా చూడడం, అందులోని పాత్రను మోసే మనిషిని ఆ పాత్రతో కలిపి ప్రేమించడం అనే రెండు అలవాట్ల మీదే ఈనాటి సైన్స్ ఫిక్షన్ సినిమాల పరంపరలన్నీ బతుకుతున్నాయి. ఆ రెండూ ఈ నేలలో సినిమా కంటే చాలా ముందు నుంచీ ఉన్నవే.

సినిమా వ్యాపారుల లెక్కల్లో ఈ మూడు ఊళ్లూ 'సీడెడ్' కిందికి వస్తాయి. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న బళ్లారి, కడప మొదలైన ప్రాంతాలకు ఆంగ్లేయులు పెట్టిన పేరు అది. తెలుగులో దత్త మండలాలన్నారు. 1928లో నంద్యాల ఆంధ్ర మహాసభ నాడు ఆ పేరును తోసిపుచ్చి రాయలసీమ అన్నారు. అయినా పంపిణీదారుల నోట సీడెడ్ అనే మాటే నిలిచిపోయింది. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు ఈ మూడింటిలో కడప జిల్లా నుంచి వచ్చి చేరినది మదనపల్లె ఒక్కటే కాగా, పుంగనూరు జమీ, కుప్పం ఉన్న కంగుంది జమీ ఉత్తర ఆర్కాటు నుంచి వచ్చాయి. ఇది పాత రికార్డుల సంగతిగా తోచినా ఈ చర్చకు అవసరమైనదే, ఆర్కాటు సీమతో ఈ ఊళ్లకున్న పొత్తులో ద్రౌపదమ్మ కొలువు ముఖ్యమైనది కనుక.

ద్రౌపదిని ఇలవేల్పుగా, గ్రామదేవతగా కొలిచే సంప్రదాయానికి తమిళనాడులోని సెంజి ప్రాంతం కుదురని అమెరికన్ పండితుడు ఆల్ఫ్ హిల్టెబీటెల్ 1988లో వెలువరించిన గ్రంథంలో విస్తారంగా చూపించాడు. బెంగళూరు కరగ, చిత్తూరు సీమ భారత ఉత్సవాలు ఆ సంప్రదాయపు కొమ్మలే. వన్నెకుల క్షత్రియులు ఎక్కువగా ఉండే కుప్పం వైపు పల్లెల్లో ఈ కొలువు మరీ దగ్గరి చుట్టరికం లాంటిది. గుడిని ధర్మరాజుల గుడి అనీ, ఉత్సవం జరిగే మెరక నేలను భారతం మిట్ట అనీ అంటారు. పొలం పనులు తగ్గిన ఎండాకాలంలో ధ్వజారోహణంతో మొదలై, పర్వాల లెక్కకు సరిపోయేలా 18 రోజులు సాగే ఈ ఉత్సవంలో, పగలు హరికథకుడు భారతాన్ని వరుసగా చెప్పుకుపోతాడు, రాత్రి వీధినాటకం వాళ్లు అందులోని ఘట్టాలను తెల్లవారేదాకా ఆడతారు. పగలు చెవిన పడిన కథ రాత్రికి కిరీటం పెట్టుకుని ఎదుట నిలబడుతుందన్న మాట.

ఆ నిలబడే తీరును కాస్త దగ్గరగా చూడడం అవసరం. వేషగాడు నేరుగా రంగం మీదికి రాడు. ఇద్దరు మనుషులు అటూ ఇటూ పట్టుకున్న తెర వెనక ముందు గజ్జెల చప్పుడు వినిపిస్తుంది. తర్వాత తెర పైఅంచున, తేలిక కర్రతో చేసి అద్దపు ముక్కలూ రంగు కాగితాలూ అంటించిన కిరీటం కొన కనిపిస్తుంది. తెర కింద కాళ్లు మాత్రం కనిపిస్తాయి. ముఖం ఇంకా కనిపించదు. మద్దెల, తాళాలు, హార్మోనియం జోరందుకున్నాక తానెవరో చెప్పుకునే ప్రవేశ దరువు తెర వెనకే మొదలవుతుంది, ఆ తర్వాతే తెర తొలగుతుంది. తెలుగు సినిమాలో కథానాయకుడి మొదటి దర్శనం, అంటే బూట్లు ముందు, వీపు తర్వాత, ముఖం చివరన చూపించి ఈలలకు చోటు వదిలే పద్ధతి ఎక్కడిదో చెప్పడానికి వేరే సాక్ష్యం అక్కరలేదు. ప్రేక్షకుడు అక్కడ కొత్త మనిషి కోసం చూడడు, ముందే తెలిసిన వాడు ఈసారి ఎలా వస్తాడా అని చూస్తాడు.

అర్జునుడి తపస్సు నాడు మిట్ట మీద నాటిన నిలువెత్తు మాను మీదికి అర్జున వేషధారి పద్యాలు పాడుతూ మెట్టు మెట్టుగా ఎక్కుతాడు. కింద సంతానం కోరుకునే స్త్రీలు తడిబట్టలతో సాష్టాంగపడి ఉంటారు, అతను పైనుంచి విసిరే నిమ్మపండ్ల కోసం, విభూతి కోసం కొంగులు పడతారు. ఆ క్షణాన పైనున్నది ఎవరు? పగలు పొలంలో మడక పట్టే మనిషని కిందున్నవారందరికీ తెలుసు, అయినా అతని చేతి నిమ్మపండు పాశుపతం కోసం తపస్సు చేసినవాడి ప్రసాదమే. నటుణ్ణీ పాత్రనూ ఇంతగా కలిపి చూసే చూపును అజ్ఞానమని కొట్టిపారేయడం తేలిక. కానీ మనిషి ఎవరో తెలిసి కూడా పాత్రకు మొక్కగలగడం, ఆలోచించి చూస్తే, చాలా పదునైన రసజ్ఞత. ఇదే చూపు తర్వాతి కాలంలో వెండితెర వైపు తిరిగింది.

నాటకం మధ్యలో చదివింపులు ఉంటాయి. ఎవరికైనా ఒక పద్యం నచ్చితే డబ్బు పంపుతారు, హార్మోనియం ఆగుతుంది, ఇచ్చినవారి పేరు, ఊరు, మొత్తం అందరికీ వినబడేలా చదువుతారు, ఆ తర్వాత కథ మళ్లీ నడుస్తుంది. అభిమాని తన పేరును అభిమాన నటుడి పేరు పక్కన వినిపించుకునే ఈ ఏర్పాటు తర్వాతి కాలపు ఫ్లెక్సీలకు, కటౌట్లకు, వాటి అడుగున వరసగా కనిపించే ముఖాలకు పూర్వరూపం. దుర్యోధన వేషానికి మంచి గొంతున్నవాడు దొరికితే మూడు మండలాల అవతలి నుంచి జనం బండ్లు కట్టుకుని వచ్చేవారు. కొన్ని కుటుంబాల్లో ఒక వేషం తండ్రి నుంచి కొడుక్కి పొలంలా సంక్రమించేది.

సినిమా ఈ ప్రాంతాలకు డేరా టాకీసుల రూపంలో వచ్చింది. గుడారం వేసి, నేల, బెంచి, కుర్చీ అని తరగతులు పెట్టి, కొన్నాళ్లు ఆడి మరో ఊరికి తరలిపోయే ఈ టూరింగ్ టాకీసుల్లో పౌరాణిక చిత్రాలకున్న గిరాకీకి కారణం వెతకనక్కరలేదు. 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' మాత్రం విడిగా చెప్పుకోవలసినది. కె.వి. రెడ్డి దర్శకత్వంలో, మార్కస్ బార్ట్లీ ఛాయాగ్రహణంతో వచ్చిన ఆ చిత్రంలో ప్రియదర్శిని అనే పేటిక ఉంటుంది. మూత తెరిస్తే, చూసేవారు ఎవరిని ప్రేమిస్తున్నారో వారు ఎంత దూరంలో ఉన్నా అందులో కనిపిస్తారు. సత్యపీఠం అనే మరొక వస్తువు ఉంటుంది. దాని మీద కాలు మోపినవాడు మనసులోని నిజాన్ని తనకు తెలియకుండానే కక్కేస్తాడు. ఒకటి దూరదర్శనం, రెండోది అబద్ధాన్ని పట్టే యంత్రం. వాటిని మాయలంటారు గాని అవి పనిచేసే తీరు యంత్రాలదే: నియమం ఉంది, ఆ నియమం అందరికీ ఒకే తీరున వర్తిస్తుంది, హాస్యమంతా ఆ నియమంలోంచే పుడుతుంది. వైజ్ఞానిక కల్పనకు ప్రాణమైన ఈ లక్షణం తెలుగువారికి పురాణ వేషంలో ముందే పరిచయమైంది. ఆ చిత్రాన్ని తీసిన విజయా సంస్థ నిర్మాతలు నాగిరెడ్డి, చక్రపాణి 1947 జులైలో మొదలుపెట్టిన 'చందమామ' కూడా, నెల నెలా తెగే ధారావాహికలతో, కథ సగంలో ఆగితే ఎదురుచూడడం పిల్లలకు నేర్పింది.

తమిళంలో 1963లోనే ఎం.జి. రామచంద్రన్, భానుమతి నటించిన 'కలై అరసి' వచ్చింది. వేరే గ్రహం నుంచి వచ్చినవారు తమ లోకానికి సంగీతం నేర్పడానికి భూలోకపు గాయనిని ఎత్తుకుపోవడం దాని కథ. గ్రహాంతరవాసులు కనిపించే తొలి భారతీయ చిత్రంగా దాన్ని చెబుతారు. ఆ గాయని పాత్రధారి తెలుగింటి ఆడపడుచు కావడం గుర్తుంచుకోదగిన విషయం.

తెలుగులో అసలైన కాలయంత్రం రావడానికి 1991 జులై 18 దాకా ఆగవలసి వచ్చింది. 'మాయాబజార్' నాటికి కె.వి. రెడ్డి వద్ద సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు, హెచ్.జి. వెల్స్ 1895 నాటి నవల 'టైమ్ మెషీన్' స్ఫూర్తితో 'ఆదిత్య 369' తీశాడు. శివలెంక కృష్ణప్రసాద్ నిర్మాత, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సమర్పకుడు, ఇళయరాజా సంగీతకర్త, జంధ్యాల సంభాషణల రచయిత. కథానాయకుడు కాలయంత్రమెక్కి 1526 నాటి విజయనగరానికి, అక్కడి నుంచి 2504వ సంవత్సరానికి వెళతాడు. ఆ భవిష్యత్తులో ప్రపంచయుద్ధం తర్వాతి అణుధార్మికతకు భయపడి మనుషులు భూగర్భంలో బతుకుతుంటారు. వెల్స్ నవలలో యాత్రికుడు గతంలోకి పోడు, అతనిదంతా భవిష్యత్తు ప్రయాణమే. సింగీతం కాలయంత్రాన్ని ముందు వెనక్కి తిప్పి, కృష్ణదేవరాయల కొలువులో దింపడం అనుకరణ దాటిన ఆలోచన. యంత్రం కొత్తది, అది చేరిన చోటు మాత్రం తెలిసినది. ఏడుసార్లు తిరుమల వచ్చిన రాయలు ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన లోహ విగ్రహాన్ని కొండకు పోయే చిత్తూరు సీమ జనం తరతరాలుగా చూస్తూనే ఉన్నారు. చంద్రగిరి కోట కూడా పాత చిత్తూరు జిల్లాలోదే. యంత్రం ఆగిన చోట ప్రేక్షకుడు తడబడకపోవడానికి ఇదొక కారణం.

మరో కారణం వేషం. ఆ చిత్రంలో నందమూరి బాలకృష్ణ నేటి యువకుడిగానూ, రాయలుగానూ రెండు పాత్రలు వేశాడు. రాయల వేషాన్ని అంతకు ముందు 'తెనాలి రామకృష్ణ' (1956), 'మహామంత్రి తిమ్మరుసు' (1962) చిత్రాల్లో కట్టినవాడు అతని తండ్రి ఎన్.టి. రామారావు. మిట్ట మీద తండ్రి వేషం కొడుక్కి సంక్రమించడం చూసినవారికి ఆ కిరీటం మారిన తలను చూడగానే కలిగిన సంతోషం సాంకేతిక అద్భుతాల వల్ల కలిగినది కాదు. అభిమాన సంఘాలు ఒకదానికొకటి గోడలు కట్టుకున్న ఆ రోజుల్లో, ఆ చిత్రం కోసం చిరంజీవి టీవీ ప్రకటనలో కనిపించి పిల్లలను పిలవడం కూడా గుర్తుపెట్టుకోవలసిన సంగతే. అభిమాన సంఘాల బలం ఎంతటిదో 1982లో రామారావు పార్టీ పెట్టినప్పుడే ఈ సీమకు తెలిసింది. ఆయన అల్లుడు చంద్రబాబు నాయుడు 1989 నుంచి ప్రతినిధిగా ఉన్న నియోజకవర్గం కుప్పమే.

కుప్పానికి ఒక పక్క కోలారు, మరో పక్క కృష్ణగిరి. మూడు భాషలు సంతలో కలిసే ఈ చోటికి ద్రావిడ భాషల అధ్యయనం కోసం 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం రావడం సబబుగానే జరిగింది. రజనీకాంత్ పూర్వికుల ఊరిగా పేరున్న నాచికుప్పం కృష్ణగిరి జిల్లాలో, ఈ సరిహద్దుకు చేరువలోనే ఉంది. అందుచేత శంకర్ దర్శకత్వంలో 2010 అక్టోబరు 1న తమిళంలో 'ఎందిరన్'గా, తెలుగులో 'రోబో'గా వచ్చిన చిత్రాన్ని ఇక్కడివారు పరాయి సినిమాగా చూసే ప్రసక్తే లేదు. అందులో శాస్త్రవేత్త, అతను తయారుచేసిన మరమనిషి చిట్టి, రెండూ రజనీ పాత్రలే. చిట్టి దారి తప్పి ప్రతినాయకుడయ్యాక తనలాంటి వందల రూపాలను పుట్టించుకుంటాడు. మంచి శాస్త్రవేత్త కంటే దారి తప్పిన ఆ చిట్టినే అభిమానులు ఎక్కువ ఇష్టపడ్డారు. దుర్యోధన వేషానికే పెద్ద చదివింపులు పడే సీమలో దీనికి ఆశ్చర్యపోవలసింది లేదు.

ఒక కథాలోకాన్ని, దానిలోని పాత్రలను సొత్తుగా పెట్టుకుని వరసగా సినిమాలు తీయడాన్ని చిత్రసీమలో ఫ్రాంచైజీ అంటారు. వేరువేరు సినిమాల వీరులు ఒకే లోకంలో తిరుగుతూ ఒకరి కథలోకి ఒకరు రావడాన్ని సినిమాటిక్ యూనివర్స్ అంటున్నారు. 1977లో మొదలైన 'స్టార్ వార్స్' ప్రధాన కథ 9 భాగాలుగా 2019 దాకా సాగింది. దాని సృష్టికర్త జార్జ్ లూకాస్, పురాణగాథల మీద జోసెఫ్ క్యాంప్‌బెల్ రాసిన పుస్తకానికి తాను రుణపడి ఉన్నానని చెప్పుకున్నాడు. 2008 నాటి 'ఐరన్ మ్యాన్' మొదలు 2019 నాటి 'ఎవెంజర్స్: ఎండ్‌గేమ్' వరకు మార్వెల్ సంస్థ 22 చిత్రాలను ఒకే గాథగా నడిపింది. తెలుగు అనువాదంలో థానోస్ అనే మహా ప్రతినాయకుడికి రానా దగ్గుబాటి గొంతు ఇచ్చాడు; 'బాహుబలి'లో భల్లాలదేవుడైన ఆ గొంతు వినగానే మొత్తం గాథ సగం తెలుగైపోయింది. అనువాద చిత్రానికి తెలిసిన గొంతు పెట్టడం వ్యాపార యుక్తే కావచ్చు గాని, పాత్రకు తగిన వేషగాణ్ణి వెతకడమనే పాత పని అందులో దాగి ఉంది.

ఇలాంటి పరంపరలన్నిటినీ పీడించే చిక్కు ఒకటుంది. పాత్ర ముసలిది కాదు, నటుడు అవుతాడు. 'స్టార్ ట్రెక్'లో 1966 నుంచి స్పాక్‌గా నటించిన లియొనార్డ్ నిమోయ్ ముఖం తప్ప ఆ పాత్రకు వేరే ముఖం ఉండదని అభిమానులు నమ్మారు. 2009లో ఆ పాత్రను జాకరీ క్వింటోకు అప్పగించవలసి వచ్చినప్పుడు, నిమోయ్‌ను కూడా వృద్ధ స్పాక్‌గా అదే సినిమాలో కూర్చి, పాత వేషగాడి సమక్షంలోనే కొత్త వేషగాడికి కిరీటం మార్చారు. భారత ఉత్సవాలను నడిపే పెద్దలకు చెబితే, ఇందులో వింతేముందని అడిగే సంగతి ఇది.

2024 జూన్ 27న విడుదలైన 'కల్కి 2898 ఏడీ'లో ఈ పాయలన్నీ కలిశాయి. నాగ్ అశ్విన్ దర్శకుడు, వైజయంతీ మూవీస్ నిర్మాణం, సింగీతం శ్రీనివాసరావు మార్గదర్శకుడు. ప్రియదర్శిని పేటికకు సాక్షి అయిన మనిషే ఎగిరే వాహనాల సినిమాకూ సలహాదారు కావడం ఒక జీవితకాలంలో జరిగింది. క్రీస్తుపూర్వం 3102లో కలియుగం మొదలైందన్న సంప్రదాయ గణనకు 2898 కలిపితే ఇంచుమించు 6000 ఏళ్లు. కురుక్షేత్రానికీ, సినిమా కథ జరిగే భవిష్యత్ కాశీకీ మధ్య దూరం అదే. నిర్మాణ సంస్థ చిహ్నంలో కృష్ణుడి వేషంలో శంఖం పూరించే రామారావుతో తెర వెలుగుతుంది. ఆ కృష్ణుణ్ణి దాటుకునే ప్రేక్షకుడు భవిష్యత్తులోకి అడుగుపెడతాడు.

కథలో అమితాబ్ బచ్చన్ పాత్ర అశ్వత్థామ. ఉత్తర గర్భంలోని పసికందు మీద అస్త్రం వేసినందుకు మణిని పోగొట్టుకుని, మానని గాయాలతో తిరగమని శాపం పొందినవాడు; మూల భారతంలో ఆ శాపం మూడు వేల ఏళ్లు, సినిమా దాన్ని రెట్టింపు చేసింది. 2898లో అతను చేసే పని మరొక గర్భంలోని పసికందును కాపాడడం. గర్భం మీద చేసిన పాపానికి గర్భాన్ని కాచి ప్రాయశ్చిత్తం చేసుకోవడమనే ఈ అమరిక ఈ సినిమాలోని అన్ని యంత్రాల కంటే గొప్పది. భారతం పరిచయం లేని ప్రేక్షకుడికి దాన్ని విడమరచి చెప్పాలి, ఏటా యుద్ధపు చివరి రాత్రిని కథలో విని తెల్లవార్లూ కూర్చునే మిట్ట జనానికి మాత్రం ఆ ముసలివాడు చెయ్యెత్తగానే తెలిసిపోతుంది. చివరన ప్రభాస్ పాత్ర కర్ణుడని తేలుతుంది. 1977 జనవరి 14న, రామారావు 'దాన వీర శూర కర్ణ' వచ్చిన రోజునే విడుదలైన 'కురుక్షేత్రం'లో కర్ణ వేషం అతని పెదనాన్న కృష్ణంరాజుది. ఆయన 2022లో కన్నుమూశాడు. రెండేళ్లకు వేషం ఇంట్లోనే మళ్లీ పైకి లేచింది.

'కల్కి' రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండదని నిర్మాణ సంస్థ 2025 సెప్టెంబరులో ప్రకటించినప్పుడు, గర్భాన్ని మోసిన ఆ పాత్రను మరొకరు ఎలా మోస్తారన్న బాధ అభిమానుల్లో నిజంగానే కనిపించింది. అంతకు ముందు ఏప్రిల్‌లో, 34 ఏళ్ల తర్వాత, 'ఆదిత్య 369' కొత్త మెరుగులతో మళ్లీ థియేటర్లకు వచ్చినప్పుడు, ముఖాలు మారని సినిమా ఎంత ఊరటో అదే అభిమానులకు తెలిసింది. భారతం మిట్ట మీద ద్రౌపది వేషం కట్టేది సంప్రదాయంగా మగవాడే. దుర్యోధన వధ నాటి పగలు, నేల మీద పదుల అడుగుల పొడవున మట్టితో పరిచిన దుర్యోధనుడి తొడ మీద భీముడి గద పడి, అక్కడ దాచిన ఎర్రనీళ్లు చిమ్మాక, చీర కట్టిన ఆ మనిషి మట్టి బొమ్మ మీదికి నడిచి, 18 రోజులుగా విరబోసుకున్న జుట్టును ఆ ఎరుపుతో తడిపి ముడి వేసుకుంటాడు. సాయంత్రం నిప్పుల గుండం తొక్కవలసిన పసుపు గుడ్డలవాళ్లు అతని కాళ్లకు మొక్కుతారు. పోయిన ఏడు ఆ వేషం కట్టినవాడు, ఒంట్లో ఓపిక తగ్గి ఈసారి మానుకున్నవాడు, ఆ వరసలోనే నిలబడి మొక్కుతాడు.